సముద్రం వెనక్కి పోయేదాకా ఆగొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఏటా డిసెంబరు 26 దగ్గర పడుతుంటే మా ఊళ్ల ఫోన్లలో అవే రెండు కథలు తిరుగుతాయి. 2004 సునామీకి ముందే ఏనుగులు గొలుసులు తెంపుకుని కొండెక్కాయని, కుక్కలు ఒడ్డుకు రామని మొరాయించాయని ఒకటి. అల రాబోయే ముందు సముద్రం బాగా లోపలికి పోతుంది, అది చూసి పరుగు అందుకుంటే చాలని రెండోది. రెండూ ఉత్తినే పుట్టినవి కావు. అయినా ఆర్యపల్లి, గోపాల్‌పూర్ నుంచి సోనాపూర్ మీదుగా ఇచ్ఛాపురం సరిహద్దు దాకా ఒడిశాలోని గంజాం జిల్లా ఒడ్డున వేటే బతుకుగా ఉన్న తెలుగువాళ్లు వీటిని నమ్ముకుని కూర్చుంటే ప్రాణాల మీదికి వస్తుంది. ఎందుకో, వాటి బదులు దేన్ని నమ్ముకోవాలో రాస్తున్నాం. ఉత్తరం పొడుగైంది, కుదించకుండా వేయమని మనవి.

ముందు సముద్రం వెనక్కి పోయే సంగతి. 2004 డిసెంబరు 26 ఆదివారం, మన గడియారం ప్రకారం ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా పక్కన సముద్రం అడుగున 9.1 తీవ్రతతో భూమి కంపించింది. అక్కడి నుంచి అండమాన్ల దాకా సుమారు 1,300 కిలోమీటర్ల పొడవున సముద్రం అడుగు కదిలింది. ఆ కదలికలో పడమటి పక్క నేల పైకి లేచింది, తూర్పు పక్క నేల దిగింది. లేచిన పక్క నీళ్లు గుట్టలా ఎత్తుకుని మన వైపు, శ్రీలంక వైపు బయల్దేరాయి. దిగిన పక్క నీళ్లలో పల్లం పడి, ఆ పల్లం ముందుగా థాయిలాండ్ వైపు సాగింది. అందుకే థాయిలాండ్ ఒడ్డున మొదట సముద్రం వెనక్కి లాగింది. ఫుకెట్ బీచిలో బడి పాఠం గుర్తుంచుకున్న పదేళ్ల బ్రిటన్ పిల్ల ఆ గుర్తు చూసే అందరినీ పైకి తరిమించింది. మన తూర్పు తీరంలో మాత్రం మొదట వచ్చింది పొంగే. వెనక్కి లాగడం ఆ తర్వాత, ఒక పొంగుకీ మరో పొంగుకీ మధ్య జరిగింది.

అదే చీలిక మళ్లీ అలాగే కదిలితే మన ఒడ్డును మొదట తాకేది పొంగే అవుతుంది. సముద్రం వెనక్కి పోతే అది తిరుగులేని గుర్తు, ఒక్క నిమిషం కూడా నిలవకూడదు. కానీ వెనక్కి పోలేదు కాబట్టి భయం లేదనే లెక్క ఇక్కడ చెల్లదు. మా పేటల్లో పిల్లలకు చెప్పేటప్పుడు ఈ రెండో మాట ఎవరూ చెప్పడం లేదు.

సుమత్రా పక్కనే సిమ్యూలూ అనే దీవి ఉంది. 1907లో అక్కడ సునామీ వచ్చి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. బతికినవాళ్లు దానికి 'స్మోంగ్' అని పేరు పెట్టి పాటల్లోకి, జోలల్లోకి ఎక్కించారు. నేల గట్టిగా ఊగి సముద్రం లోపలికి పోయిందా, కొండకు పరుగెత్తు. ఇంతే పాట. 2004లో ఆ దీవిలో సుమారు 78,000 మంది ఉంటే సునామీకి పోయినవాళ్లు ఏడుగురు. అంత మంచి పాట అయినా అది వాళ్ల చోటికి కట్టిన పాట. భూకంపం వాళ్ల కాళ్ల కిందే వచ్చింది, కొండ ఇంటి వెనకే ఉంది. గోపాల్‌పూర్ నుంచి ఆ భూకంప కేంద్రం 2,000 కిలోమీటర్లకు పైగా దూరం. అక్కడ భూమి బద్దలైనా ఇక్కడ పడుకున్నవాడికి మంచం కదిలినట్టు కూడా తెలియకపోవచ్చు. కొండ సంగతి చెప్పనక్కర్లేదు.

అంటే ప్రకృతి ఇచ్చే మూడు గుర్తుల్లో, నేల ఊగడం మనకు అందకపోవచ్చు, సముద్రం వెనక్కి పోవడం ముందుగా జరగకపోవచ్చు. మిగిలింది సముద్రం నుంచి వచ్చే హోరు. అది వినిపించేసరికి చేతిలో ఉండేవి నిమిషాలే.

ఇక జంతువులు. శ్రీలంకలోని యాల అభయారణ్యంలోకి నీళ్లు చొరబడినా చచ్చిన అడవి జంతువులు పెద్దగా కనిపించలేదన్న వార్త అప్పట్లో లోకమంతా తిరిగింది. అది చదివి జంతువులకు ముందే తెలుసని అందరూ తేల్చుకున్నారు. ఆ సమయంలోనే దక్షిణ శ్రీలంకలో కొన్ని ఏనుగుల మెడలకు ఉపగ్రహ పట్టీలు ఉన్నాయి. ఆ రోజు అవి ఎటు నడిచాయో పరిశోధకులు తర్వాత చూశారు. సునామీకి ముందు అవి పారిపోయిన జాడ ఏదీ లేదు.

ఏనుగు మనకు వినపడని మంద్రధ్వని వింటుంది, అరికాళ్లతో నేల అదురును పట్టుకుంటుంది, నిజమే. భూకంపం నుంచి రెండు రకాల అదురు బయల్దేరుతుంది. ముందు వచ్చేది సెకనుకు ఆరేడు కిలోమీటర్లు పోతుంది, మెత్తగా ఉంటుంది. వెనక వచ్చేది దాదాపు సగం వేగంతో వచ్చి ఇళ్లు ఊపుతుంది. ముందుదాన్ని మనిషి చాలాసార్లు పట్టుకోలేడు, కుక్కో పశువో పట్టుకోవచ్చు. కానీ దాని వల్ల దొరికేది దగ్గరివాళ్లకు కొన్ని సెకన్లు మాత్రమే. అది కూడా భూకంపం గురించి, అల గురించి కాదు. పైగా ఆవు అరిచేది ఆకలికి, ఎదకు, పాముకు, జోరీగకు కూడా. దాని అరుపును సైరన్‌గా పెట్టుకుంటే నెలకు పదిసార్లు ఊరు ఖాళీ చేయాలి, పదకొండోసారి ఎవరూ కదలరు.

జంతువు తనను కాపాడుకునే తీరు చూడాలంటే ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గరికి పోవాలి. 2025 ఫిబ్రవరిలో అక్కడి ఇసుకలో సుమారు 7 లక్షల ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టాయి. ఒక్కో తల్లి పోటునీరు అందని మెరక చూసుకుని, వెనక కాళ్లతో మూర లోతు గొయ్యి తవ్వి, వంద పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, ఒంటితో దిమ్మిస కొట్టి పోతుంది. కొన్ని గూళ్లు కెరటం కోసేస్తుంది, కొన్నిటిని కుక్కలు, నక్కలు తవ్వుతాయి, పిల్లలు బయటికొచ్చాక కాకులు, పీతలు కాచుకుని ఉంటాయి. అన్ని లక్షలు ఒకేసారి రావడమే వాటి రక్ష. తినేవాళ్ల కడుపు నిండిపోయాక కూడా మిగులుతాయి. రేపేం జరుగుతుందో తాబేలుకు తెలియదు. ఏది జరిగినా కొంత మిగిలేలా ఏర్పాటు చేసుకుంటుంది.

మనకున్న ఏర్పాటు హైదరాబాద్‌లో ఉంది. సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్‌లోని సునామీ హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబరు నుంచి పనిచేస్తోంది. హిందూ మహాసముద్రంలో పెద్ద భూకంపం వచ్చిన పది నిమిషాల లోపే మొదటి బులెటిన్ ఇస్తుంది. ఆ తర్వాత సముద్రం మధ్య తేలే కొలత యంత్రాలు (బోయాలు), రేవుల్లో నీటిమట్టం కొలిచే యంత్రాలు చెప్పేదాన్ని బట్టి సవరిస్తుంది. మాటలు మూడు. 'వార్నింగ్' అంటే రెండు మీటర్లకు మించిన అల రావచ్చు, ఊరు ఖాళీ చేయాలి. 'అలర్ట్' అంటే అర మీటరు నుంచి రెండు మీటర్లు, ఒడ్డు, పల్లం వదిలి పోవాలి. 'వాచ్' అంటే ఊరు కదలక్కర్లేదు, చెవి ఇటు పెట్టి ఉండాలి. 'వాచ్' విని కొందరు చూడమన్నారనుకుని ఒడ్డుకు వస్తారు. ఇంగ్లీషు మాట అలాగే మైకులో చదివితే జరిగేది అదే.

లెక్క వేసుకుందాం. 2004లో అల చెన్నై, విశాఖ రేవులకు చేరడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. నడి సముద్రంలో నాలుగు వేల మీటర్ల లోతులో అది గంటకు 700 కిలోమీటర్ల వేగంతో, విమానంలా పోతుంది. కానీ అక్కడ ఎత్తు అర మీటరు, ముప్పావు మీటరు. పడవ కింద నుంచి పోయినా తెలియదు. లోతు తగ్గేకొద్దీ వేగం తగ్గి, వెనకనున్న నీళ్లు ముందువాటి మీదికి ఎక్కి ఎత్తు పెరుగుతుంది. వంద మీటర్ల లోతులో గంటకు 110 కిలోమీటర్లు, పది మీటర్ల లోతులో 36. కంటికి కనిపించాక దాన్ని మించి పరుగెత్తే మనిషి లేడు. ఇప్పుడు రెండున్నర గంటల్లోంచి బులెటిన్‌కు పది నిమిషాలు తీసేయండి. భువనేశ్వర్ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి బ్లాకుకు, అక్కడి నుంచి పేటకు మాట చేరడానికి అరగంట అనుకోండి. ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు ఇసుకలో మూడు కిలోమీటర్లు నడవడానికి గంట. ఇంకా యాభై నిమిషాలు మిగులుతాయి. చాలినంత సమయమే. అండమాన్ల ఉత్తరపు కొసన భూమి కదిలితే ఇంకా తక్కువ దొరుకుతుంది. ఆ మిగులును తినేసేవి మూడు. వార్త నిజమా అని పది చోట్లకు ఫోను చేయడం, పడవ కోసం వెనక్కి పోవడం, మోటారు సైకిళ్లన్నీ ఒకే సందులో ఇరుక్కోవడం.

ఒడిశా తీరంలో ఆరు జిల్లాల్లో 122 హెచ్చరిక టవర్లు ఉన్నాయి, 2018 నుంచి. సైరన్ మోగించడమే కాదు, మాట కూడా వినిపించగలవు. గంజాంలోని వెంకటరాయపురాన్ని, జగత్‌సింగ్‌పూర్‌లోని నోలియాసాహిని యునెస్కో సముద్ర సంఘం 2020లో 'సునామీకి సిద్ధమైన' ఊళ్లుగా గుర్తించింది. మన దేశంలో ఆ గుర్తింపు మొదట పొందినవి ఈ రెండే. 2024లో ఒడిశాలో 24 ఊళ్లకు ఆ గుర్తింపు వచ్చింది. ఇది గర్వపడాల్సిన పని. అయితే గుర్తింపు ఉన్న ఊరైనా, లేని ఊరైనా, దారి చూపే బోర్డు మీద ఇసుక కప్పి, పిచ్చిచెట్లు పెరిగితే రాత్రి పూట దానికి విలువ ఉండదు.

మా జిల్లాలో జనానికి గాలివానంటే బాగా తెలుసు. 1999 అక్టోబరు 17న గోపాల్‌పూర్ దగ్గర, మళ్లీ 29న పారాదీప్ దగ్గర వచ్చినవి, 2013 అక్టోబరు 12న ఇక్కడే ఒడ్డెక్కిన ఫైలిన్, 2018 తిత్లీ. 1999లో పదివేల మంది దాకా పోయిన రాష్ట్రంలో ఫైలిన్‌కు దాదాపు పది లక్షల మందిని ముందే కదిలించి ప్రాణనష్టాన్ని పదుల్లో ఆపారు. ఆ అనుభవమే సునామీ దగ్గర అడ్డం తిరుగుతుంది. గాలివానకు రోజుల గడువు ఉంటుంది. పడవ పైకి లాగి, ఇంజను విప్పి ఇంట్లో పెట్టి, వలలు మూటకట్టి, పైకప్పు మీద తాడు బిగించి, ఆఖరున మగాళ్లు షెల్టరుకు పోతారు. సునామీలో ఆఖరున పోయేవాడంటూ ఉండకూడదు. గాలివానకు ఆకాశం మొహం మారుతుంది. సునామీ నిర్మలంగా ఎండ కాస్తుండగా వస్తుంది. 2004లో నాగపట్నం ఒడ్డున చేపల వేళ, సెలవు రోజు, తెల్లటి ఎండ. ఒడ్డున చేపలు ఏరుకునే ఆడవాళ్లు, ఆడుకునే పిల్లలే ఎక్కువ మంది పోయారు.

ఒక్క విషయంలో రెండూ ఒకటే. గాలివాన కన్ను ఊరి మీదికి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. అయిపోయిందనుకుని బయటికొచ్చినవాళ్లను ఎదురు దిక్కు నుంచి వచ్చే గాలి కొట్టేస్తుంది. సునామీ కూడా ఒక్క అల కాదు, వరస. అలకూ అలకూ మధ్య పది నిమిషాలు ఉండొచ్చు, గంట ఉండొచ్చు. మొదటిదే పెద్దది కానక్కర్లేదు. మధ్యలో నీళ్లు లాగినప్పుడు పడవ చూసుకోవడానికి, తప్పిపోయిన మేకను వెతకడానికి దిగేవాళ్లే రెండోదానికి దొరుకుతారు. ప్రమాదం తప్పిందన్న ప్రకటన వచ్చేదాకా దిగకూడదు.

పడవల గురించి వివరంగా చెప్పాలి. అప్పటికే లోపలికి పోయి వేటలో ఉన్న పడవ హెచ్చరిక వింటే ఒడ్డుకు తిరగకూడదు, ఇంకా లోతుకు పోవాలి. యాభై బారల లోతు, అంటే సుమారు 90 మీటర్లు దాటితే పడవకు భయం లేదు. ఒడ్డు దగ్గర, మొగ దగ్గర, రేవు గోడల మధ్య మాత్రం నీళ్లు సుడి తిరిగి పడవలను ఒకదాని మీదికి ఒకటి విసురుతాయి. ఒడ్డు మీదున్న పడవను దింపి లోతుకు తీసుకుపోదామని మాత్రం ఎవరూ చూడొద్దు. చిన్న ఇంజనుతో అంత లోతు చేరడానికి గంటలు పడుతుంది, అల ఎదురయ్యేది సరిగ్గా తక్కువ నీళ్లలోనే. లోపలున్న పడవల్లో ఫోను పలకదు కాబట్టి వైర్‌లెస్ సెట్టు ఉన్న పడవ దానిని వేటంతసేపూ తెరిచి ఉంచాలి. బ్యాటరీ మిగుల్చుకుందామని కట్టేసే అలవాటు చాలా మందికి ఉంది.

పశువుల విషయంలో జరిగే తప్పు ఎప్పుడూ ఒక్కటే, కట్టేసి పోవడం. గాలివాన ఉప్పెనలోనైనా సునామీలోనైనా గుంజకు కట్టిన పశువు నిలబడిన చోటే పోతుంది. విప్పి వదిలేసినదానికి ఈదే అవకాశం, మెరక ఎక్కే అవకాశం ఉంటుంది. పలుపు మెడకు ఎలా ముడేసినా, గుంజ వైపు మాత్రం ఒక్క లాగుతో ఊడే జారుముడి వేయాలి. కొబ్బరి పీచు తాడు తడిస్తే ఉబ్బి ముడి రాయిలా బిగుస్తుంది, వేళ్లతో ఊడదు. అందుకే పాకలో చేతికి అందే ఎత్తున ఒక కొడవలి ఎప్పుడూ వేలాడదీసి ఉంచండి, ముడితో పెనుగులాడకుండా కోసేయండి. ముకుతాడు వేలాడుతూ ఉండనివ్వొద్దు, కంపకు చిక్కుకుంటుంది. ఆవును తోలుకుపోయే సమయముంటే దూడను ముందు నడిపించండి, తల్లి అదే వస్తుంది. మేకలను, కోళ్లను తలుపు తీసి వదిలేయడమే. గంప కింద మూసిన కోడి గంపతోనే పోతుంది. నీళ్లు వచ్చాక ఏ పశువు కోసమూ ఎవరూ వెనక్కి పోకూడదు. మోకాలి లోతు నీళ్లు పరుగు మీదుంటే మనిషిని పడేస్తాయి, ఒక ఘనమీటరు నీళ్ల బరువు టన్ను.

ఎటు పోవాలి? సముద్రానికి సూటిగా ఎదురు దిక్కుకు, మెరకకు, నడిచి. ఋషికుల్య, బాహుదా మొగల పక్క ఊళ్లవాళ్లు ఏటి గట్టు పట్టుకుని పోకూడదు, వంతెన దాటడానికి చూడకూడదు. సునామీ ఒడ్డెక్కే ముందే ఏట్లోకి దూరి, వెనక నుంచి ఊరిని చుట్టేస్తుంది. అంత దూరం నడవలేకపోతే గట్టి స్లాబు కట్టడంలో రెండో అంతస్తు దాటి పైకి ఎక్కాలి. తుఫాను షెల్టర్ల కింది భాగం స్తంభాల మీద ఖాళీగా వదిలింది నీళ్లు అడ్డం లేకుండా పోవడానికే. ఆ ఖాళీలో వలలు, కర్రలు, సిమెంటు బస్తాలు పేర్చిన షెల్టర్లు ఉన్నాయి. నీళ్లకు అడ్డు పెట్టినట్టే, దయచేసి ఖాళీ చేయించాలి. వెంట తీసుకుపోయే సంచి పరుగెత్తగలిగేంత ఉండాలి, అయిదు కిలోలు మించకూడదు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, రోజూ వేసుకునే మందులు, ప్లాస్టిక్ కవరులో ఆధార్, పడవ కాగితాలు, టార్చి. బియ్యం మూట ఎత్తుకున్నవాడు ఇసుకలో అర కిలోమీటరు కూడా పోలేడు.

నీళ్లు తీశాక బావులు. ఇసుక నేలలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. మోటారు పెట్టి గట్టిగా తోడితే కింది ఉప్పు పైకి లాగుతుంది. అందుకని బకెట్లతో నెమ్మదిగా చెత్త, బురద తోడి, వానలు కడిగేదాకా ఓపిక పట్టాలి. క్రిములకు బ్లీచింగ్ పౌడరు. బావి వ్యాసాన్ని వ్యాసంతో, ఆపైన నీటి లోతుతో (రెండూ మీటర్లలో) గుణించి 785తో గుణిస్తే లీటర్లు వస్తాయి. రెండు మీటర్ల వ్యాసం, మూడు మీటర్ల నీళ్లుంటే 9,420 లీటర్లు. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున సుమారు 24 గ్రాములు, వరద ముంచిన బావికి రెట్టింపు, అంటే 50 గ్రాములు. పొడిని అలాగే బావిలో చల్లకూడదు. బకెట్లో కొద్ది నీళ్లతో మజ్జిగలా కలిపి, ముప్పావు వంతు నీళ్లు పోసి, పది నిమిషాలు తేరనిచ్చి, పై తేట మాత్రం వేరే బకెట్లో వంచి, ఆ బకెట్‌ను బావిలోకి దించి నీటిలో ముంచి పైకీ కిందికీ ఆడించాలి. అడుగున దిగిన సున్నం పారేయాలి. గంట ఆగి వాడుకోవచ్చు. ఉప్పు మాత్రం దీనితో పోదు. నోట్లో ఉప్పగా తగిలే నీళ్లు పశువులకు కూడా పెట్టొద్దు.

ఊరికి ముందున్న ఇసుక దిబ్బల గురించి ఒక మాట. దిబ్బను నిలబెట్టేది సరుగుడు తోట కాదు, దాని ముందు పాకే రావణాసురుడి మీసాల గడ్డి, మేక డెక్కలా చీలిన ఆకుతో ఊదా పువ్వులు పూసే ఇసుక తీగ. ఇవి ఎగిరే ఇసుకను పట్టుకుని దిబ్బను రోజురోజుకూ పెంచుతాయి. వాటిని పీకి అలల అంచు దాకా సరుగుడు నాటితే దిబ్బ బలహీనపడుతుంది, తాబేలుకు గూడు కట్టే చోటూ పోతుంది. దిబ్బను తెగ్గొట్టి పడవల కోసం, ట్రాక్టర్ల కోసం సముద్రానికి సూటిగా వేసిన దారే నీళ్లకు తలుపు. దారి తప్పదంటే ఏటవాలుగా, వంపు తిప్పి వేయాలి. పొలం గట్ల మీది మొగలి పొదలను కొట్టేయొద్దు. గంజాంలో మొగలి పువ్వు ఎలాగూ డబ్బు తెచ్చే పంటే, పైగా అది గాలినీ ఇసుకనూ పట్టి ఆపుతుంది.

ఒడ్డు విడిచి పక్కనున్న గజపతి జిల్లా కొండల్లోకి పోతే ప్రమాదం మారుతుంది, కాపుదలా మారాలి. తిత్లీ వచ్చినప్పుడు బరఘరా దగ్గర గాలివానకు భయపడి కొండ గుహలో తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ పడి పదిమందికి పైగా పోయారు. పర్లాకిమిడి వైపు కొండ ఊళ్లలో గట్టి వాన రెండు రోజులు పడితే వాలు కింద, గెడ్డ పక్కన ఉండకూడదు. నేలలో కొత్త బీటలు, ఒరిగిన చెట్లు, ఉన్నట్టుండి బురదగా మారిన ఊట కనిపిస్తే రాత్రయినా ఆ చోటు వదలాలి.

పిడుగు మాత్రం రెండు చోట్లా ఒకటే. చెట్టు కింద చేరిన మందలో ఆవులన్నీ ఒకేసారి పడిపోవడానికి కారణం పిడుగు వాటి నెత్తిన పడటం కాదు. చెట్టు మీద పడిన కరెంటు నేలలో పాకుతుంది, ఆవు ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య అయిదడుగుల దూరం ఉంటుంది, ఒక జతలోంచి ఎక్కి గుండె మీదుగా ఇంకో జతలోంచి దిగుతుంది. అందుకే మబ్బు పట్టగానే మందను ఒంటి చెట్టు కింది నుంచి తోలేయాలి. బయట చిక్కిన మనిషి పాదాలు రెండూ దగ్గరగా చేర్చి గొంతుక్కూర్చోవాలి, పడుకోకూడదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై అంకెలు లెక్కపెట్టలేకపోతే ఇంట్లోకి పోవాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

ఇప్పుడు మీ పత్రిక ద్వారా జిల్లా యంత్రాంగానికి మా విన్నపం. సైరన్ కూతకు భాష లేదు, దాని వెనక వచ్చే మాటకు ఉంది. మా పేటల్లో ఒడియా రానివాళ్లు తక్కువే. బజారులో, బడిలో, ఆఫీసులో అదే మాట్లాడతాం. కానీ పోటు, పాటు, మొగ, మెరక, పలుపు మాకు తెలుగులోనే ఉన్నాయి. నిద్రలోంచి లేచిన ముసలమ్మ చెవికి ముందు తగిలేది ఆ మాటలే. టవరు మైకులో ఒడియా తర్వాత అర నిమిషం తెలుగు వినిపిస్తే ఖర్చేమీ లేదు. దారి బోర్డుల మీద ఒక వరస తెలుగు రాయించాలి. నవంబరు 5 ప్రపంచ సునామీ దినాన జరిపే మాక్ డ్రిల్‌ను ఏదో ఒక ఏడాది పగలు కాకుండా వేకువన మూడు గంటలకు, పడవలు వేటకు బయల్దేరే వేళ చేయించాలి. ఒక్క టవరునే నమ్ముకోకుండా గుడి మైకు, మసీదు మైకు, చర్చి గంట వాడేలా ఊరూరా ఇద్దరు ముగ్గురిని ముందే నియమించాలి. జిల్లా కంట్రోలు రూము నంబరు 1077 పడవల అణియాల (ముందు కొసల) మీద పెయింటుతో రాయించాలి.

మైకులో వినిపించాల్సిన తెలుగును మేమే రాసి పంపుతున్నాం. చదవడానికి అర నిమిషం పట్టదు, మూడుసార్లు చదవాలి:

"సునామీ వస్తోంది. ఇది డ్రిల్లు కాదు. సముద్రం మామూలుగా కనిపించినా ఆగొద్దు. పడవ వదిలేయండి, వల వదిలేయండి. పశువుల పలుపు కోసేయండి. పిల్లల్ని, ముసలివాళ్లని ముందు నడిపించి మెరకకు పోండి. బండ్లు తీయొద్దు. మొగ వైపు పోవద్దు, వంతెన ఎక్కొద్దు. ఒక అల పోయినా దిగొద్దు. మళ్లీ మేం చెప్పేదాకా ఎవరూ ఒడ్డుకు రావద్దు."

గంజాం తీర గ్రామాల తెలుగు పాఠకులు కొందరు
బరంపురం, ఒడిశా